సత్యవేడు చెంత ఆదిమానవుడు

చరిత్ర అనగానే రాజులు, కోటలు స్ఫురిస్తాయి. సత్యవేడు పరిసరాలకు అంతకన్న ప్రాచీనమైన గాథ ఉంది. దీనికి దక్షిణాన, తమిళనాడులోని అత్తిరంపాక్కంలో 1863లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, విలియం కింగ్ రాతి పనిముట్లను గుర్తించారు. 1999 నుంచి అక్కడ తవ్వకాలు జరిపిన శాంతి పప్పు బృందం, ఆ చేతిగొడ్డళ్లు సుమారు 15 లక్షల ఏళ్లనాటివని 2011లో ప్రకటించింది.

ఆమె ఉపన్యాసాల దృశ్యముద్రణలు నేడు అంతర్జాలంలో లభిస్తున్నాయి. పల్లెటూరి విద్యార్థి సైతం వాటిని ఆపి ఆపి విని, పటంతో సరిపోల్చుకోవచ్చు. అయితే ప్రసంగం ఏ సంవత్సరానిదో ముందుగా గమనించాలి. 2011కు పూర్వపు ప్రసంగంలో ఈ కాలనిర్ణయాన్ని ఆశించరాదు.

మరొక జాగ్రత్త అవసరం. పనిముట్టు వయస్సును తెలిపేది అది పూడి ఉన్న మట్టిపొర. కుతూహలంతో పెకలిస్తే రాయి చేతికి వస్తుంది, చరిత్ర చేజారుతుంది.