వార్తల్లో పదం: స్వీయ ధ్రువీకరణ

‘నా ప్లాను నిబంధనల ప్రకారమే ఉంది’ అని ఇంటి యజమాని రాసిస్తే, ఆ మాట నమ్మి ప్రభుత్వం అనుమతి ఇవ్వడమే స్వీయ ధ్రువీకరణ. తెలంగాణ 2020లో టీఎస్ బీపాస్ చట్టంతో దీన్ని భవన నిర్మాణంలోకి తెచ్చింది. 75 చదరపు గజాల లోపు స్థలంలో చిన్న ఇంటికి అనుమతే అక్కర్లేదు; రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్ల లోపు, పది మీటర్ల ఎత్తు మించని ఇంటికి యజమాని హామీపై అప్పటికప్పుడే అనుమతి. అంతకు మించితే 21 రోజుల గడువు. ఆలోగా అధికారి తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. చట్టానికి ప్రాణం ఈ చివరి మాటే. ఫైలు తొక్కిపెట్టినప్పుడే కదా, మామూళ్లు పుట్టేది!

ఇలా నమ్ముతూ పోతే చెరువులూ నాలాలూ మిగలవన్నది ఎదురువాదన. ఆ భయం నిజమైనదే. కానీ ముందే అనుమతి తీసుకోవాల్సిన రోజుల్లోనూ అక్రమ కట్టడాలు లేచాయి. లేకుంటే 2015లో భవనాల క్రమబద్ధీకరణ పథకం ఎందుకొచ్చినట్టు? పైగా తప్పుడు హామీతో లేచిన కట్టడాన్ని నోటీసు లేకుండానే కూల్చే అధికారాన్నీ ఈ చట్టమే ఇచ్చింది. అంత కఠినమైన అధికారం ఎవరి మీద పడుతుందన్నదే నా అసలు సందేహం. అది తప్పు చేసినవారి మీదే పడాలంటే తనిఖీ జరగాలి; కట్టాక తనిఖీ చేసే సిబ్బంది లేకపోతే ఈ సడలింపు సగం సంస్కరణే.