తోకలో కత్తి గల చేప

ఉప్పునీటి తొట్టియెదుట నిలిచినవారి చూపు ముందుగా ఏ చేపపై వ్రాలునో మేము పలుమారులు గమనించితిమి. పిల్లలు నారింజ వన్నెగల క్లౌన్ చేపను వేలెత్తి చూపుదురు. పెద్దలు మాత్రము వెడల్పాటి పళ్లెమువలె చదునుగా నుండి, తొట్టి ఈ కొననుండి ఆ కొనకు విరామము లేక తిరుగుచుండు పసుపుపచ్చని చేపనో, నీలిచేపనో చూచి నిలిచిపోదురు. అదియే టాంగ్ చేప. 2003లో వచ్చిన ‘ఫైండింగ్ నీమో’ అను బొమ్మల చిత్రములోని మతిమరపు డోరీ ఈ కుటుంబమునకు చెందినదే. ఆ చిత్రము చూచిన ఇండ్లలో పిల్లలు డోరీ కావలెనని మారాము చేయుట వింత కాదు. కాని డోరీ పెరిగిన, మూరలో ముప్పాతిక వంతు పొడవగు చేప యనియు, దాని తోకమొదట ఇరువైపుల పదునైన కత్తి యున్నదనియు చిత్రము చెప్పదు.

ఆ కత్తినిబట్టియే ఇంగ్లీషువారు ఈ కుటుంబమును సర్జన్ చేప లనిరి. శాస్త్రజ్ఞులు పెట్టిన అకాంథురస్ అను గ్రీకు పేరునకు ముల్లుతోక యని అర్థము. ఈ జాతులలో పెక్కింటికి ఆ ముల్లు మడత చాకువలె గాడిలో అణగియుండును. తోకను విదిలించినపుడు బయటికి వచ్చును. ఎదుటి చేప ప్రక్కను చీల్చుటకు అంతమాత్రము చాలును. మనుష్యుని వేలు చీలుటకును చాలును.

ఈ కుటుంబములో ఎనుబదికి పైబడిన జాతులు కలవు. అన్నిటిని గూర్చి చెప్పబూనుట కంటె, మన హిందూమహాసముద్రమునకే చెందిన ఒక్కదానిని తీసికొందము. పౌడర్ బ్లూ టాంగ్ అని దానికి వాడుక పేరు. 1833లో బెన్నెట్ అను శాస్త్రజ్ఞుడు దానికి అకాంథురస్ ల్యూకోస్టెర్నాన్, అనగా తెల్లరొమ్ము గలది, అని నామకరణము చేసెను. ఒడలు లేత ఆకాశవర్ణము, మొగము నలుపు, గొంతుక్రింద తెల్లని పట్టీ, వీపుమీది రెక్క నిమ్మపండు రంగు. ఆఫ్రికా తూర్పు తీరమునుండి అండమాను సముద్రము దాక పగడపు దిబ్బలపై ఇది సంచరించును. మన లక్షద్వీపములలోను కలదు. ఆంధ్ర తీరమున దీనిని వెదకి లాభము లేదు. గోదావరీ కృష్ణలు తెచ్చు ఒండ్రును, మంచినీరును పగడపు దిబ్బలకు గిట్టవు.

కొన్ని ఏండ్ల క్రిందట మేమును ఈ అందమునకు లోబడితిమి. మా ఇంట నాలుగడుగుల తొట్టి యుండెను. అందులో రెండేండ్లనుండి ఒక పసుపు టాంగు, రెండు క్లౌన్ చేపలు, ఒక చిన్న డామ్‌సెల్ చేప సుఖముగా నుండినవి. దుకాణములో పౌడర్ బ్లూను చూచి, బేరమాడి, సంచిలో తెచ్చి, ఆ సాయంత్రమే తొట్టిలో విడిచితిమి. పసుపు చేప దానిని గంటలోపలనే మూలకు తరిమినది. మూడవనాటికి రెండింటి ప్రక్కలమీదను గాట్లు పడినవి. నాలుగవనాడు క్రొత్తచేప ఒడలిమీద ఉప్పు చల్లినట్లు తెల్లని చుక్కలు కనబడినవి. పదునొకండవనాటికి డామ్‌సెల్ తప్ప తక్కిన వన్నియు పోయినవి. దుకాణదారుని నిందించుటకు మాకు నోరు రాలేదు. పుస్తకములు చదివియు త్వరపడినవారము మేమే.

ఆ పదునొకండు దినములలో జరిగిన దేమో తెలిసికొన్నచో టాంగు చేప పోషణ రహస్యము చాలవరకు తెలిసినట్లే. మొదట కలహము సంగతి చూతము.

టాంగు నాచు మేయు చేప. తెల్లవారినది మొదలు ప్రొద్దు గ్రుంకు వరకు రాళ్లమీది నాచును సన్నని పండ్లతో గీకి తినుచునే యుండును. నాచు బలము తక్కువ ఆహారము. ఎంత తినినను చాలదు. కావున కొన్ని జాతులు మంచి నాచుగల రాతిని తమ పొలముగా చేసికొని కావలి కాయును. తన ఆకారమును, తన మేతయు గల మరియొక చేప కనబడెనా, అది పొలములో పడిన పరాయి పశువే. క్లౌన్ చేప జోలికి పోని టాంగు మరియొక టాంగుపై విరుచుకొని పడుటకు కారణ మిదియే. సముద్రములో దీనికి విరుగుడు కూడ కలదు. ఒంటిమీద నల్లని నిలువు చారలుగల కన్‌విక్ట్ టాంగు అనునది గుంపులు గుంపులుగా వచ్చి పొలములో దిగును. కావలిచేప ఒక్కదానిని తరుమునంతలో తక్కినవి మేసి పోవును. ఓడిపోవు చేపకు పారిపోవుటకు సముద్రమంత చోటు కలదు. నాలుగడుగుల గాజుతొట్టిలో ఓడిన చేప ఎచ్చటికి పోవును? గెలిచిన చేప కంటియెదుటనే తిరుగుచుండవలెను. అదే దాని మృత్యువు.

కావున మొట్టమొదటి నియమము పొడవు. పౌడర్ బ్లూ వంటి చేపకు ఆరడుగుల తొట్టి కనీసము. ఎత్తుగల తొట్టికంటె పొడవుగల తొట్టి మేలు. ఈ చేప ఈదునది అడ్డముగా గాని నిలువుగా కాదు. నాలుగడుగుల తొట్టి మాత్రమే కలవారు పసుపు టాంగు ఒక్కదానితో తృప్తిపడవలెను. అంతకంటె చిన్న తొట్టి కలవారు ఈ కుటుంబమును మరచుట మంచిది. చిన్నపిల్లగా నున్నపుడు ఉంచి పెద్దదైన పిమ్మట మార్తుమని చెప్పువారిని మేము చాలమందిని చూచితిమి. మార్చినవారిని మాత్రము అరుదుగా చూచితిమి.

రెండవది వరుస. మిక్కిలి కోపిష్ఠిని చిట్టచివరను విడువవలెను. ముందు వచ్చినవాడు ఇల్లు తనదనుకొనును గదా. రెండు టాంగులను ఉంచదలచినచో వేర్వేరు ఆకారములు, వేర్వేరు రంగులు గలవాటిని ఎన్నుకొని, వీలైనచో ఒక్కనాడే విడువవలెను. క్రొత్తదానిని కొన్నాళ్లు రంధ్రములుగల పారదర్శకమైన పెట్టెలో ఉంచి తొట్టిలోనే వ్రేలాడదీయుట మంచి ఉపాయము. పాతచేప దానిని చూచి చూచి విసిగి ఊరకుండును. కొందరు గాజు వెలుపల అద్దము పెట్టుదురు. పాతచేప తన నీడతో పోరాడుచుండగా క్రొత్తది ఊపిరి పీల్చుకొనును. రాళ్లను కదల్చి వేరుగా పేర్చుటయు కొంత పనిచేయును, ఎవరి పొలము గట్టు ఎచ్చటనో ఎవరికిని తెలియదు గనుక.

ఇక ఆ తెల్లని చుక్కలు. అవి క్రిప్టోకారియన్ అను ఏకకణ పరాన్నజీవి గుర్తులు. టాంగులకు, అందును పౌడర్ బ్లూకు, ఇది పట్టినంత త్వరగా ఇతర చేపలకు పట్టదు. దాని జీవితచక్రము తెలియక చాలమంది మోసపోవుదురు. చేప చర్మము క్రిందను, మొప్పలలోను అది మూడునుండి ఏడు దినములు తిని బలియును. పిమ్మట రాలి అడుగున గుల్ల కట్టుకొనును. అప్పుడు చేప ఒడలు శుభ్రముగా కనబడును; యజమాని రోగము నయమైనదని సంతసించును. గుల్లలో నున్నది వందలుగా చీలి, కొన్ని దినములకో కొన్ని వారములకో బయటికి వచ్చి చేపను వెదకును. ఈ మారు చుక్కలు పదింతలగును. మొప్పలు నిండినచో చేప నీటిమట్టమున నోరు తెరచి ఎగరోజును.

చేప దొరకనిచో ఆ పిల్లజీవి ఒకటి రెండు దినములలో చచ్చును. దీనినిబట్టియే చికిత్స ఏర్పడినది. చేపల నన్నిటిని వేరు తొట్టిలోనికి మార్చి, పెద్ద తొట్టిని చేపలు లేకుండ పాడుపెట్టవలెను. అనుభవజ్ఞులు దీనికి 76 దినములు గడువు చెప్పుదురు. వేరు తొట్టిలో రాగి మందు వేయుదురు. దాని మోతాదును సీసాపై వ్రాసిన ప్రకారము, పరీక్ష పెట్టెతో దినదినము కొలిచి నిలుపవలెను. తగ్గినచో పరాన్నజీవి చావదు, హెచ్చినచో చేప చచ్చును. పగడములు, రొయ్యలు, నత్తలు ఉన్న తొట్టిలో రాగి ఒక్క చుక్కయు పడరాదు. వెల్లుల్లి రసము, వేపాకు కషాయము అని చెప్పువారు కలరు. వెల్లుల్లి వాసనకు చేప మేత ముట్టిన ముట్టవచ్చును గాని దానితో పరాన్నజీవి పోయినదన్న మాట నమ్మదగినది కాదు.

వీటన్నిటికంటె సులభమైనది క్రొత్తచేపను నెలదినములైన విడితొట్టిలో ఉంచి చూచుట. ఇందుకు ఖరీదైన సరంజామా అక్కరలేదు. అడుగున ఇసుక లేని మామూలు గాజుతొట్టి, దాగుకొనుటకు రెండు ప్లాస్టిక్ గొట్టపు ముక్కలు, పాత తొట్టిలో నానిన స్పాంజి ఫిల్టరు, హీటరు చాలును. ఆ నెల ఓపిక మాకు లేకపోయినది.

నీటి విషయము. విశాఖలోను, కాకినాడలోను ఉన్నవారికి సముద్రము ఎదురుగా నుండగా ఉప్పు కొననేల యను ప్రశ్న సహజము. ఒడ్డున దొరకు నీటిలో మురుగు, నూనె కలియును. వానకాలమున నదులు పొంగి బంగాళాఖాతపు నీటి ఉప్పదనము తగ్గును. అందుచే అక్వేరియము ఉప్పును ఆర్.ఓ. నీటిలో కలుపుకొనుటయే క్షేమము. లీటరునకు సుమారు 35 గ్రాములు, హైడ్రోమీటరులో 1.025. బోరునీటిని వాడరాదు. మా ప్రాంతములలో ఎండాకాలమే అసలు పరీక్ష. టాంగునకు 24 మొదలు 26 సెంటీగ్రేడు డిగ్రీల వేడిమి హితము. వైశాఖమాసపు మధ్యాహ్నమున గదిలోని తొట్టి 32కు ఎక్కుట మేము చూచినదే. నీరు వేడెక్కిన కొలది అందు కరగు ప్రాణవాయువు తగ్గును. నిరంతరము ఈదు ఈ చేపకు అది ఎక్కువగా కావలెను. చిల్లరు కొనలేనివారు తొట్టిపైని ఫాను పెట్టి, ఆవిరియైన నీటికి బదులు ఉప్పులేని నీటిని దినము పోయుచుండవలెను. కరెంటు పోయినపుడు పనిచేయు బ్యాటరీ గాలిపంపు మాత్రము ఎవరికైనను తప్పదు. తొట్టి పెట్టిన ఆరు మాసములకుగాని, రాళ్లపై నాచు పట్టినగాని, టాంగును తేరాదు.

మేతలో జరుగు తప్పు మంచి మనస్సుతో జరుగునది. రొయ్య ముక్కలు వేసిన టాంగు ఆత్రముగా తినును, మనకు ముచ్చటగా నుండును. కాని దాని ప్రేగు పొడవు, నాచు జీర్ణించుకొనుటకై ఏర్పడినది. ఆ ప్రేగులలో ఎట్టి లోకమున్నదో చెప్పుటకు ఒక్క ఉదాహరణము: ఎర్రసముద్రపు సర్జన్ చేప కడుపులో 1985లో కంటికి కనబడునంత సూక్ష్మజీవి యొకటి దొరకినది. మిల్లీమీటరులో సగమునకు మించిన ఆ జీవి బాక్టీరియాయే యని 1993లో తేలినప్పుడు శాస్త్రలోకము ఆశ్చర్యపడినది. అట్టి కడుపునకు ఎండబెట్టిన నోరి సముద్రపు నాచు ప్రధానాహారము కావలెను. ఉప్పుగాని నూనెగాని మసాలాగాని కలపని ఆకును క్లిప్పుతో గాజునకు తగిలించి ప్రొద్దుటినుండి ఉంచవలెను. రొయ్య అప్పుడప్పుడు చాలును. కడుపు నిండిన టాంగు పోరాటములు కూడ తగ్గును.

తలమీదను ప్రక్కగీతవెంటను చర్మము గుంటలు పడి వన్నె వెలసిపోవుట మరియొక జబ్బు. దీనికి పోషకలోపమే కారణమని చాలకాలము అనుకొనిరి. 2011లో ప్రచురించిన ఒక ప్రయోగములో ఫిల్టరులోని లిగ్నైటు బొగ్గుపొడి వలన సర్జన్ చేపలకు ఈ జబ్బు వచ్చుట కనబడినది. బొగ్గు వాడువారు దానిని బాగుగ కడిగి, పొడి తొట్టిలో పడకుండ చూచుకొనవలెను.

కొనునపుడు ధర అడుగుటకు ముందు, మా యెదుట మేత వేయుడని అడుగవలెను. తినని టాంగును ఎంత చవుకగా నిచ్చినను తేరాదు. కడుపు లోనికి పోయి, తలవెనుక వీపు కత్తివలె సన్నగిల్లినది చాలనాళ్లు పస్తున్న చేప. పసుపు టాంగును హవాయిలోని ఓషియానిక్ ఇన్స్టిట్యూటువారు 2015లోను, నీలి టాంగును ఫ్లారిడా విశ్వవిద్యాలయమువారు 2016లోను తొట్టిలోనే గ్రుడ్లనుండి పెంచగలిగిరి. అట్టి పిల్లలు దొరకినచో అవియే ఎన్నుకొనదగినవి. అవి తొట్టిమేతకు అలవాటుపడి వచ్చును. పసుపు టాంగు సముద్రములో నలుబదేండ్లు బ్రదికిన ఆధారములు కలవు. కొనువారు తమ వయస్సును కూడ లెక్కవేసికొనుట మంచిది. అలంకారమునకై సజీవమైన గట్టి పగడములను మన తీరములనుండి తీసికొనరాదు. 2001 నుండి అవి వన్యప్రాణి రక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో నున్నవి. కాల్చిన మట్టిరాళ్లు చాలును.

మా తొట్టి 76 దినములు చేప లేకుండ నడిచినది. దినము లెక్కపెట్టుచు గోడ క్యాలెండరుపై గీతలు గీచితిమి. ఇంటికి వచ్చినవారు ఖాళీ తొట్టికి దీపములెందుకని నవ్విరి. ఆ కాలమంతయు విడితొట్టిలో చికిత్స పొందిన డామ్‌సెల్ తిరిగి లోనికి వచ్చినది. దానితో రెండు క్లౌన్ చేపలు, నాలుగు మాసముల పిమ్మట ఒక్కటే పసుపు టాంగు. పౌడర్ బ్లూను మరల కొనలేదు. తొట్టి నాలుగడుగులదే గదా. ఇప్పుడు గాజు తుడుచునపుడు మోచేతి దాక రబ్బరు తొడుగు వేసికొందుము. ఆ చేపను పట్టవలసి వచ్చినపుడు వల వాడము, ముల్లు వలలో చిక్కి చీలును గనుక. వెడల్పు మూతిగల ప్లాస్టిక్ డబ్బాను నీటిలో ముంచి, అందు నాచుముక్క నుంచి, అది తనంతట తాను లోనికి వచ్చువరకు వేచియుందుము.