చెరకుకు చుట్టం రెల్లుగడ్డి

పిల్లలూ! మంజీరా ఒడ్డున తెల్లని కుచ్చులతో ఊగే రెల్లుగడ్డిని చూశారా? అది బోధన్ చెరకుకు దగ్గరి చుట్టం!

'వెల్లై' అనే లావుపాటి చెరకులో రసం ఎక్కువే గాని, ఎద్దడినీ తెగుళ్లనూ తట్టుకోలేదు. రెల్లులో తీపి తక్కువే గాని, మహా మొండిది. కోయంబత్తూరులో 1912లో ఏర్పడిన చెరకు పరిశోధన కేంద్రంలో బార్బర్, వెంకట్రామన్ అనే శాస్త్రవేత్తలు ఈ రెండింటినీ సంకరం చేశారు. అలా పుట్టినదే 'కో 205'. 'కో' అంటే కోయంబత్తూరు. దీని గడ సన్నం; ఓర్పు మాత్రం రెల్లుదే. 1918లో విడుదలై, పంజాబులో నాటు చెరకును మించి పండింది.

నేటి చెరకు రకాలు దాదాపు అన్నిటిలోనూ రెల్లు అంశ ఉంది. కనుక పిచ్చిగడ్డి అని తీసిపారేయకండి. రేపటి పంటకు కావలసిన బలం అందులోనే దాగి ఉండవచ్చు!