మీకు తెలుసా? జలుబు నుంచి కామెర్ల దాకా జూన్ అల్మేడా పరిశోధన

1930లో స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో పుట్టి, ఉన్నత విద్యకు స్థోమత లేక పదహారో ఏటనే బడి మాని, ఆసుపత్రి ప్రయోగశాలలో చేరిన జూన్ అల్మేడా, వైరస్‌లను కంటికి చూపడంలో ఆనాటి అగ్రగణ్యులలో ఒకరయ్యారు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో సైతం వైరస్ రేణువులు ఇతర శకలాల నడుమ పోల్చుకోరానివిగా ఉంటాయి. అయితే కోలుకున్న రోగి రక్తంలోని ప్రతిరక్షకాలను, అంటే శరీరం ఆ వైరస్‌ను ఎదుర్కొనేందుకు తయారుచేసుకునే ప్రోటీన్లను, నమూనాకు కలిపితే రేణువులు గుంపులుగా అతుక్కొని స్పష్టంగా బయటపడతాయి. ఈ పద్ధతిని నిత్యోపయోగ సాధనంగా తీర్చిదిద్దిన ఘనత ప్రధానంగా ఆమెదే.

శ్వాసకోశ వ్యాధుల విషయంలో, జలుబు పరిశోధకుడు డేవిడ్ టైరెల్ బృందం పంపిన జలుబు నమూనాలలో ఆమె చూసిన కిరీటంవంటి అంచు గల వైరస్‌లకే 1968లో కరోనా వైరస్‌లని పేరు పెట్టారు. కాలేయవాపు కలిగించే హెపటైటిస్-బి వైరస్‌కు పైపొర, లోపలి గర్భం అనే రెండు వేర్వేరు భాగాలున్నాయనీ, ఒక్కొక్కదానికి వేరే ప్రతిరక్షకాలు పుడతాయనీ 1971లో ఆమె, సహచరులు నిరూపించారు. గర్భభాగానికి వ్యతిరేకంగా పుట్టే ప్రతిరక్షకాలను వెదికే రక్తపరీక్ష నేటికీ వాడుకలో ఉంది. ప్రతిరక్షకాలతో వైరస్ రేణువులను గుంపులుగా చేర్చి చూసే పద్ధతిని ఆమె వద్ద నేర్చుకున్న ఆల్బర్ట్ కపికియన్, స్టీఫెన్ ఫైన్‌స్టోన్, రాబర్ట్ పర్సెల్‌లతో కలిసి 1973లో హెపటైటిస్-ఎ వైరస్‌ను గుర్తించారు.