మిడిల్ స్కూలు పాఠములకు అంతర్జాలపు సాయము

కామసముద్రము స్టేషనులో రైలెక్కి కుప్పము వైపు పోవువారు బిసానత్తము, గుడుపల్లె దాటి పోవుదురు. నడుమ రాష్ట్రపు సరిహద్దు కలదు. కాని బండిలోని సంభాషణ వినువారికి ఆ సరిహద్దు ఎచట వచ్చినదో తెలియదు. ఇటువారును అటువారును తెలుగే మాటలాడుదురు. మారునది బడిపిల్లల చేతిలోని పుస్తకము మాత్రమే.

1956లో రాష్ట్రములు పునర్వ్యవస్థీకరింపబడినపుడు కోలారు జిల్లా మైసూరు రాష్ట్రముననే నిలిచినది. అదే సంవత్సరమున ఏడవ సవరణచే రాజ్యాంగమున 350-ఎ అధికరణము చేరినది. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధన జరుగుటకు తగిన వసతులు కల్పింప యత్నింపవలెనని దాని భావము. అది చెప్పునది ప్రాథమిక దశను గూర్చియే. ఆ దశ ముగియుచుండగా, అనగా 6, 7, 8 తరగతులలో, మన పిల్లలలో పలువురు కన్నడ మాధ్యమమునకో ఇంగ్లీషు మాధ్యమమునకో మారుదురు. సరిగా ఆ సమయముననే విజ్ఞానశాస్త్రము, గణితము, భూగోళము కఠినమగును. ఇంట తెలుగు, వీథిలో కన్నడము, పుస్తకమున ఇంగ్లీషు. ఈ మూటి నడుమ తెలివిగల పిల్లవాడు సైతము తరగతిలో నోరు విప్పక కూర్చుండుట మనము చూచుచునే యున్నాము. ఇట్టి పిల్లవానికి అంతర్జాలమందలి సామగ్రి ఎట్లు తోడ్పడగలదో ఇచట విచారింతము.

మొదట ఉన్నవేవో చూతము. కర్ణాటక ప్రభుత్వము కన్నడము, ఇంగ్లీషులతోపాటు తెలుగు మాధ్యమపు పాఠ్యపుస్తకములను గూడ ప్రచురించుచున్నది. పాఠ్యపుస్తక సంఘమువారి వెబ్‌సైటునుండి వీనిని ఉచితముగా దింపుకొనవచ్చును. కేంద్ర ప్రభుత్వము 2017లో ప్రారంభించిన దీక్షా వేదికలో పలు రాష్ట్రముల పాఠములు, వీడియోలు, అభ్యాసములు కలవు. ఆంధ్రప్రదేశ్ పాఠ్యపుస్తకములలో ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఇంగ్లీషు ముద్రించు పద్ధతి యున్నది; మాధ్యమము మారిన పిల్లవానికి ఇంతకన్న అనుకూలమైన వంతెన లేదు. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయమువారు 2002లో ఆరంభించిన ఫెట్ అను ప్రణాళికయందు భిన్నములు, విద్యుద్వలయములు మొదలగువానిని తెరపై చేతితో కదిపి నేర్చుకొను ప్రయోగములున్నవి. ప్రథమ్ బుక్స్ వారు 2015లో నెలకొల్పిన స్టోరీవీవర్‌లో ఒకే బొమ్మల కథ తెలుగులోను కన్నడములోను దొరకును. చవుక వస్తువులతో చేయదగు ప్రయోగములకు అరవింద్ గుప్తాగారి వెబ్‌సైటు ఒక గని. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాయు కలదు.

కావున నేటి కొఱత సామగ్రి లేకపోవుట కాదు. ఉన్నదానిని మన తరగతికి సరిపుచ్చుకొనుటయందే చిక్కున్నది. ఆ చిక్కులలో మొదటిది మాటల చిక్కు.

ఒక ఉదాహరణము. ఆకు సూర్యరశ్మిచే ఆహారమును తయారు చేసికొనుటను ఆంధ్రప్రదేశ్ వీడియో ‘కిరణజన్య సంయోగక్రియ’ యనును. కన్నడ పుస్తకము ‘ద్యుతిసంశ్లేషణె’ యనును. ఇంగ్లీషు పుస్తకము ‘ఫోటోసింథసిస్’ అనును. వస్తువొక్కటే, పేర్లు మూడు. పిల్లవాడు ఇవి మూడు వేర్వేరు పాఠములని భ్రమించుటలో వింత యేమున్నది? ఇంతకన్న ప్రమాదకరమైనది ఒకే మాటకు రెండర్థము లుండుట. తెలుగు జీవశాస్త్రమున ‘కణము’ అనగా శరీరమునకు మూలమైన సజీవ భాగము. కన్నడమున దానిని ‘జీవకోశ’ యందురు. కన్నడపు ‘కణ’ మనగా పదార్థపు సూక్ష్మమైన రేణువు. తెలుగు వీడియో చూచి కన్నడమున పరీక్ష వ్రాయు పిల్లవాడు ఇచట తప్పక పొరపడును. వాడుక మాటలలోను ఇంతే; మన ‘అవసరము’ అక్కఱ, కన్నడ ‘అవసర’ తొందర. పొరపడిన పిల్లవానికి మార్కులు తగ్గును. తల్లిదండ్రులు “తెలుగువలననే వీడు వెనుకబడినాడు” అని తలంతురు. తప్పు తెలుగుది కాదు. రెండు మాటలను జతపఱచి చూపని బోధనది.

దీనికి మందు సులభమే. ప్రతి పాఠమునకును మూడు వరుసల మాటల పట్టిక యొకటి నల్లబల్లపై వ్రాయవలెను: తెలుగు, కన్నడము, ఇంగ్లీషు. త్రిభుజము, సమాంతర రేఖలు, ఆమ్లము, గురుత్వాకర్షణ వంటి మాటలు తెలుగు కన్నడములలో దాదాపు ఒకటే యగుటచే పిల్లలకు ధైర్యము కలుగును. వేఱైన మాటల క్రింద గీత గీయింపవలెను. పది పాఠములు గడచునప్పటికి పిల్లలు తామే కూర్చిన చిన్న నిఘంటువు సిద్ధమగును. అది ఏ వెబ్‌సైటులోను దొరకనిది.

ఇక మన ఊరి చుట్టునున్న విషయములనుండియే చేయదగు నాలుగు పాఠములను సూచించుచున్నాము.

మొదటిది భూగోళము. మన ప్రాంతమున ఏడాది పొడుగున పాఱు నది లేదు, చెఱువులే ఆధారము. పెద్ద చెఱువును ‘సముద్ర’ మనుట మన దేశపు ఊళ్లపేర్లలో వాడుక. మన ఊరి పేరును ఇట్లే పరిశీలింపుడని పిల్లలకు చెప్పవచ్చును. ఇస్రోవారు 2009లో ప్రారంభించిన భువన్ పటములో జిల్లా చెఱువులను వెదకి, పేర్లు వ్రాయించి, లెక్కింపజేయవలెను. బెంగళూరు మురుగునీటిని శుద్ధిచేసి కోలారు చెఱువులకు పంపు కె.సి. వ్యాలీ పథకపు నీరు 2018లో మన జిల్లాకు చేరినది. అంతకు ముందటి చిత్రములును తరువాతి చిత్రములును పోల్చినచో ఏ చెఱువు నిండినదో పిల్లలే చెప్పగలరు. ఆ నీరు త్రాగదగునా, పొలమునకు మాత్రమే తగునా యను చర్చ వచ్చిన మేలే. అదియే విజ్ఞానశాస్త్రమునకు ప్రవేశము.

రెండవది గణితము. కోలారు టమాటా మండి దేశములోని పెద్ద మండీలలో నొకటి. అచట ధర 15 కిలోల బాక్సు లెక్కన పలుకును. కేంద్ర ప్రభుత్వపు అగ్‌మార్క్‌నెట్‌లో మార్కెట్టు ధరలు ప్రకటింపబడును. అచటి ధరలు క్వింటాలు లెక్కన నుండును. ఒక వారపు ధరలను వ్రాయించి, క్వింటాలునుండి కిలోకు, కిలోనుండి బాక్సుకు మార్పించి, గ్రాఫు గీయింపవలెను. నిష్పత్తి, సరాసరి, శాతము ఒకే పాఠమున వచ్చును. రైతు బిడ్డ ఆనాడు ఉపాధ్యాయునికే పాఠము చెప్పును.

మూడవది బంగారు గనులు. 1880 ప్రాంతమున జాన్ టేలర్ కంపెనీవారు పని చేపట్టిరి. 1902లో శివనసముద్రమునుండి విద్యుత్తు వచ్చినది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. ఇంతవఱకు పిల్లలు పెద్దల నోట విన్నదే. కాని 1965లో ఇచటి లోతైన గనిలో టాటా పరిశోధనా సంస్థవారును, జపానులోని ఒసాకా, ఇంగ్లండులోని డర్హం విశ్వవిద్యాలయములవారును గూడి, వాతావరణమున పుట్టు న్యూట్రినోల జాడ కనుగొనిరని ఎందఱికి తెలియును? ఆకాశమునుండి వచ్చు కిరణములలో తక్కినవానిని పైనున్న రాతిపొర జల్లెడవలె ఆపివేయును. న్యూట్రినోలు మాత్రము రాతిని దాటి పోగలవు. అందుకే అంత లోతున వెదకిరి. ఇంటనున్న తాతగారిని గని పనిని గూర్చి అడిగి వ్రాసికొని రండని పిల్లలకు చెప్పవలెను. అంతర్జాలమున లేని చరిత్ర అట్లు తరగతికి వచ్చును.

నాలుగవది భాష. స్టోరీవీవర్‌లోని ఒక కథను తెలుగునను కన్నడమునను ప్రక్కప్రక్కన చదివింపవలెను. రెండు లిపులును ఒకే మూలమునుండి పుట్టినవి. కంప్యూటరు అక్షరములకు సంఖ్యలిచ్చు యూనికోడు పట్టికయందు సైతము తెలుగు వెంటనే కన్నడము వచ్చును. పోలిన అక్షరములేవి, మారినవేవి యని పిల్లలు గుర్తించినచో రెండు భాషలయందును చదువు వేగము పెరుగును. ఆ పిమ్మట అదే కథను తమ ఇంటి తెలుగులో చెప్పనీయవలెను. మన కోలారు తెలుగు వీడియోలలోని తెలుగువలె నుండదు. అంతమాత్రమున అది తప్పు తెలుగు కాదని పిల్లవానికి తెలియజేయవలసినవారు మనమే.

కొన్ని జాగ్రత్తలు. వీడియోను ఉపాధ్యాయుడు ముందుగా తుదివఱకు చూడవలెను; అందు మన పాఠ్యక్రమమునకు చెందనిదానిని వదలవలెను. సిగ్నలు నమ్మదగినది కాదు గనుక ముందురోజే దింపి యుంచుకొనవలెను. దీక్షాయందు ఆ వసతి కలదు. ఒక్క ఫోను చుట్టు నలువదిమంది మూగుటకన్న, గుంపులుగా విభజించి, ఒక గుంపు తెర చూచుచుండగా తక్కినవి పట్టికయో ప్రయోగమో చేయుట మేలు. అయిదు నిమిషముల వీడియో పిమ్మట పదునైదు నిమిషముల ప్రశ్నలుండవలెను. పిల్లల ఫోటోలు, పేర్లు అంతర్జాలమున పెట్టరాదు. ఇతరుల సామగ్రిని వాడునపుడు వారి పేరు చెప్పవలెను. స్టోరీవీవర్ కథలవలె స్వేచ్ఛగా వాడుకొన అనుమతించినవి యేవో తెలిసికొనవలెను.

సోదర ఉపాధ్యాయులారా! తెరపై పాఠము చెప్పువానికి మన పిల్లవాని పేరు తెలియదు. వాడు ఏ మాట దగ్గర ఆగిపోయినాడో తెలియదు. అది మనకు తెలియును. ప్రతి తరగతివారును ఈ యేడు ఒక్కొక్క మాటల పట్టికను పూర్తిచేసి భద్రపఱచినచో, రాబోవు సంవత్సరపు పిల్లలకు మన పాఠశాల ఇచ్చు కానుక అదియే యగును.