తూటాలు నింపే ప్రెస్సు: కొనేముందు, తెచ్చేముందు

అమెరికాలో పిస్తోలుతో గురి సాధన చేసేవారిలో పలువురు, పేల్చిన తూటా ఇత్తడి తొడుగును పారవేయక, ఇంట్లోనే మళ్లీ నింపుకొంటారు. అక్కడి మన పిల్లలకు ఆ ఆసక్తి కలిగితే మొదట కొనవలసినది ప్రెస్సు.

ఇది బల్లకు బిగించే ఇనుప యంత్రం. మీట లాగితే తొడుగు అచ్చులోనికి చొచ్చి పూర్వపు కొలతకు వస్తుంది. పిమ్మట క్యాపు, మందు, గుండు అమర్చాలి. ఒకే అచ్చు పట్టే ప్రెస్సు నిదానమైనదే. అయినా ప్రతి దశనూ కంటితో పరీక్షించవచ్చు గనుక కొత్తవారికి అదే మేలు. అచ్చుల పళ్లెమును తిప్పుకొనే రకమొకటి ఉంది. మీట లాగిన ప్రతిసారీ ఒక తూటా పూర్తయ్యే రకం మిక్కిలి వేగవంతమైనది. కాని ఒకే తొడుగులో మందు రెండుసార్లు పడినా కొత్తవారు గుర్తించలేకపోవచ్చు. అట్టి తూటా తుపాకినే పగులగొట్టగలదు.

అయితే సెలవులకు వచ్చేటప్పుడు దీనిని తిరుత్తణికో తిరువళ్లూరుకో తేవడం వేరు సంగతి. 1959 నాటి ఆయుధాల చట్టం రెండవ సెక్షను, తూటాలు తయారుచేసే యంత్రాన్ని కూడా మందుగుండు కిందనే చేర్చింది. ఒక్క తూటా లేకున్నా యంత్రం యంత్రమే. దిగుమతికి పదవ సెక్షను, తయారీకి ఐదవ సెక్షను లైసెన్సు కోరుతున్నాయి. తుపాకి ఉంచుకొనే లైసెన్సు వేరు, తూటాల తయారీ లైసెన్సు వేరు. 2019 సవరణ తరువాత లైసెన్సు లేని తయారీకి కనీస శిక్ష 7 ఏళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం.

తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో చేరింది గాని, ఇది కేంద్ర చట్టం. నగరిలోనైనా ఇదే వర్తిస్తుంది.