మోటారు కారుకు చల్లగాలి గొట్టం

ఈ నాలుగైదేండ్లుగా మన ఇండ్లలోని కుర్రవాళ్ళకు కారు ఉంటే చాలడం లేదు. బానెట్టు ఎత్తినప్పుడు పదిమందికి చూపడానికి లోపల ఏదో ఒక మెరిసే వస్తువు కూడా ఉండవలెను. అటువంటి వాటిలో మొదటి తాంబూలం 'కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్' అనే చల్లగాలి గొట్టానిదే. బెంగుళూరు జె.సి. రోడ్డులో ఎర్రవి, నల్లవి, అద్దంలా మెరిసేవి వరుసగా వేలాడుతుంటాయి. వెల కొన్ని వేలతో మొదలై గుమాస్తా నెల జీతం దాకా పోతుంది. మా మేనల్లుడు బోనసు చేతికి రాగానే దీని మీద మనసు పెట్టినాడు. కారు అతనిదే గాని, దానిమీద బ్యాంకు అప్పు ఇంకా తీరలేదు. పైగా మా అక్కగారు వైద్యానికి ఆస్పత్రికి పోవలసినది అందులోనే. ఇంజనుకు ఏమైనా అయితే ఇల్లంతా ఇరుకున పడుతుంది. అందుచేత, కొనేముందు మేమూ నాలుగు చోట్ల విచారించి, తెలిసిన సంగతులు మన పాఠకులకు కూడా ఉపయోగపడతాయని ఇక్కడ వ్రాస్తున్నాము.

ఇంజను కూడా మనవలె ఊపిరి పీల్చే ప్రాణియే. ఒక లీటరు పెట్రోలు సరిగా కాలడానికి సుమారు 9,000 లీటర్ల గాలి కావలెను. 1.2 లీటర్ల ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతూ నిండుగా ఊపిరి తీసిందంటే ఆ ఒక్క నిమిషంలో 1,800 లీటర్ల గాలి లోపలికి పోతుంది. వేడెక్కిన గాలి వ్యాకోచించి పలచబడుతుంది. 30 డిగ్రీల గాలితో పోలిస్తే 60 డిగ్రీల గాలి అదే కొలతకు నూటికి తొమ్మిది పాళ్ళు తక్కువ బరువు తూగుతుంది. బరువు తగ్గితే అందులోని ప్రాణవాయువూ తగ్గుతుంది, శక్తీ తగ్గుతుంది. కాబట్టి చల్లగాలి మేలన్న మాటలో అబద్ధం లేదు. కాని మన బెంగుళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉన్నది. చెన్నైలో ఉన్న వాయుపీడనంలో ఇక్కడ సుమారు పదోవంతు తక్కువ. టర్బో ఉన్న బండ్ల సంగతి వేరు గాని, మామూలు పెట్రోలు కారుకు ఏ గొట్టం బిగించినా ఆ పదోవంతు తిరిగి రాదు. ఈ సంగతి ఏ దుకాణదారూ చెప్పగా మేము వినలేదు.

ఇంతకన్న ముఖ్యమైన మాట ఒక పాత మెకానిక్కు చెప్పినాడు. "సార్, ఇంజను ముక్కు ఎక్కడ పెట్టినారో ముందు చూడండి, పైపు సంగతి తర్వాత చూస్తాము" అన్నాడు. బానెట్టు ఎత్తి చూస్తే, కంపెనీవారు అమర్చిన నల్లని ప్లాస్టిక్కు పెట్టెకు ఒక మూతి ఉన్నది. అది రేడియేటరుకు పైన, ముందు జాలీ వెనుక, బయటిగాలి తగిలేచోట తెరుచుకుని ఉన్నది. ఈనాటి కార్లలో చాలావాటికి ఏర్పాటు ఇదే. అనగా చల్లగాలి మనం కొనకముందే వస్తున్నది! దానిని పీకివేసి, పొట్టి గొట్టానికి ఒక విప్పారిన ఫిల్టరు తగిలించి ఇంజను పక్కనే వదిలితే, పేరుకు చల్లగాలి, పీల్చేది ఇంజను సెగ. పల్లెలో ట్రాక్టరు చూసినవారికి ఇది వెంటనే బోధపడుతుంది. దాని గాలిమూతి చాలావాటికి బానెట్టు మీద ఎత్తున, దుమ్ముకు దూరంగా నిలబడి ఉంటుంది. గొట్టం మెరుపు కాదు, గాలి ఎక్కడినుంచి వస్తున్నదన్నదే లెక్క.

ఈ గొట్టాలు మూడు రకాలు. పొట్టిదానిని గురించి చెప్పినాము. పొడుగుది కిందికి దిగి, బంపరు వెనుక చక్రం పక్కన ఫిల్టరును దాచుతుంది. గాలి నిజంగా చల్లనిదే గాని దుమ్మూ నీళ్ళూ కూడా అక్కడే. మూడవది మూసిన పెట్టెతో వచ్చి, ముందు జాలీనుంచి సొంత మూతితో గాలి తెచ్చుకుంటుంది. మా మేనల్లుని మొగ్గు పొట్టిదానివైపు, మా మొగ్గు పాత పెట్టెవైపు. చివరకు మూడవదానివద్ద రాజీ కుదిరినది.

మైలేజి పెరుగుతుందని పెట్టె మీద అచ్చువేసినారు. ఇది నమ్మదగిన మాట కాదు. ఊరిలో మెల్లగా పోయేటప్పుడు యాక్సిలరేటరు సగం కూడా తొక్కము. అప్పుడు థ్రాటిలు రేకు దాదాపు మూసుకునే ఉంటుంది. కొళాయి కొంచెమే తిప్పి వెనుక పెద్ద పైపు వేయించినంత మాత్రాన నీళ్ళు ఎక్కువ రావు గదా! పోగా, వచ్చిన గాలికి తగినట్లు పెట్రోలు పోయడం కంప్యూటరు పని. గాలి పెరిగితే పెట్రోలూ పెరుగుతుంది.

బిగించే పని ఒక ఆదివారం పూట చాలు. ఇంజను పూర్తిగా చల్లారిన తరువాతనే మొదలుపెట్టవలెను. ముందు బ్యాటరీ నెగటివు తీగ విప్పాలి. పాత పెట్టెకు తగిలించిన సెన్సారు ప్లగ్గును నాలుక నొక్కి మెల్లగా లాగాలి. తీగ పట్టుకుని గుంజితే తెగుతుంది. ఇంజను ఆవిరి తెచ్చే చిన్న రబ్బరు గొట్టం కూడా విప్పి, ఆ తరువాత క్లాంపు వదులుచేసి, బోల్టులు తీసి, పెట్టెను పైకెత్తాలి. తెరిచిన థ్రాటిలు నోటిలో వెంటనే శుభ్రమైన గుడ్డ కుక్కవలెను, చిన్న స్క్రూ ఒకటి లోపల పడినా ఇంజను విప్పవలసిందే. తిరిగి బిగించేముందు ఆ గుడ్డ తీయడం జ్ఞాపకం పెట్టుకోవలెను, దీనికి ఒక మనిషిని కాపలా పెట్టినా తప్పులేదు. గాలిని తూచే సెన్సారు గొట్టంలోనే ఉండే బండి అయితే, దానిమీది బాణం గుర్తు ఇంజనువైపు ఉండాలి. కొత్త గొట్టం లోపలి వెడల్పు పాతదానికి భిన్నమైతే ఆ సెన్సారు లెక్క తప్పుతుంది. కాబట్టి ఆ మోడలుకని చేసినదే కొనవలెను. క్లాంపులన్నీ మొదట చేతితో బిగించి, గొట్టం ఫ్యానుకు గాని బెల్టుకు గాని తగలడం లేదని చూసి, అప్పుడే గట్టిగా తిప్పాలి. చిన్న రబ్బరు గొట్టాన్ని దాని చోట తగిలించక మరువరాదు. బ్యాటరీ తీగ కలిపి ఇంజను పెట్టినాక కీళ్ళవద్ద బుస్సుమనే శబ్దం వచ్చినా, ఇంజను దీపం వెలిగినా, ఎక్కడో గాలి దొంగతనంగా దూరుతున్నదన్నమాట. 100 కిలోమీటర్లు తిరిగినాక క్లాంపులు మరొకసారి బిగించవలెను.

స్టీరింగు కింది సాకెట్టులో పెట్టే చిన్న పరికరం ఒకటి ఉన్నది. లోపలికి పోయే గాలి వేడిమిని అది ఫోనులో చూపుతుంది. సిల్కుబోర్డు కూడలిలో ఆగినప్పుడు అంకె పైకెక్కింది, హోసూరు రోడ్డు మీద సాగగానే దిగింది. పాత పెట్టె ఉన్న రోజులలోనూ ఇదే వరుస. "ఏం మామా, ఇంత డబ్బు పోసినా పెద్ద శబ్దం కూడా రాలేదే!" అని కుర్రవాడు మొగం వేలాడవేసినాడు. నిజానికి చాలామంది కొనేది ఆ గుర్రుమనే శబ్దాన్నే. మూసిన పెట్టె దానిని చాలావరకు మింగివేసింది. "శబ్దం కావాలంటే సైలెన్సరు ఊడదీయరా, ఊరంతా వింటారు, పోలీసువారూ వింటారు" అన్నాము.

నీటి విషయం మాత్రం నవ్వులాట కాదు. గాలిని నొక్కవచ్చును గాని నీటిని నొక్కలేము. పొడుగు గొట్టం మూతి నీటిలో మునిగి సిలిండరులోకి నీరు పోయిందా, పిస్టను పైకి రాలేక కనెక్టింగు రాడ్డు వంగుతుంది. 2015 డిసెంబరు వరదలలో చెన్నైలో వేల కార్లు నీట మునిగినవి. 2022 సెప్టెంబరులో మన బెంగుళూరు ఔటర్ రింగు రోడ్డూ చెరువైపోయినది. 2023 మే 21 నాడు కె.ఆర్. సర్కిల్ అండర్‌పాసులో వాననీట కారు చిక్కుకుని ఆంధ్ర యువతి ఒకరు ప్రాణం కోల్పోయినారు. ఆ ఘోరానికీ గాలిగొట్టానికీ సంబంధం లేదు, నీరు నిలిచిన అండర్‌పాసులోకి ఏ బండినీ దింపరాదని చెప్పడానికే జ్ఞాపకం చేస్తున్నాము. నీటిలో ఇంజను ఆగితే తిరిగి తాళం తిప్పరాదు, బండిని తోయించుకుని రావలసినదే. నీరు మింగి చెడిన ఇంజనుకు మామూలు సమగ్ర పాలసీలో సాధారణంగా పరిహారం రాదు. 'ఇంజన్ ప్రొటెక్ట్' అనే అదనపు రక్షణ వేరే తీసుకోవాలి. కొత్త గొట్టం సంగతి బీమావారికి వ్రాసి తెలపడం మేలు. వారంటీ ఉన్న బండికైతే కంపెనీవారిని ముందే అడగవలెను.

చట్టం మాట ఒకటి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశానికి భిన్నమయ్యేటట్లు బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనినే ఖండితంగా చెప్పినది. గాలిఫిల్టరు పేరు ఆ పత్రంలో ఉండదు గాని, పొగ పరీక్ష మాత్రం ఎప్పటివలె నెగ్గవలసినదే.

నూనె పూసిన నూలు ఫిల్టరును కడిగి మళ్ళీ వాడుకోవచ్చును. దానికని అమ్మే ద్రావకంతో తడిపి, లోపలినుంచి బయటికి నీళ్ళు పోసి కడిగి, నీడలో ఆరబెట్టి, ఆ తరువాతనే నూనె పలుచగా పూయాలి. నూనె ఎక్కువైతే సెన్సారు తీగకు అంటుకుని బండి మొరాయిస్తుంది. పూర్తిగా తక్కువైతే మన రోడ్ల దుమ్ము సిలిండరులోకి పోయి పిస్టను రింగులను అరగదీస్తుంది. కంపెనీవారి పాత పెట్టెను మాత్రం పాత ఇనుముల వానికి వేయరాదు. మాది గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టించినాము. బండి అమ్మే రోజున కొనేవాడు మొదట అడిగేది దానినే.